బి.ఏ.లో ఇంగ్లీష్ లిటరేచర్ తీసుకోవాలని ఉంది, తెలుగు మీడియం వాళ్ళకి కుదురుతుందా?

వైనతేయ (చర్చ మొదలుపెట్టినవారు) · మే 28, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర, వైనతేయ పాయ ఒడ్డున ఊరు. పదో తరగతి, ఇంటర్ రెండూ తెలుగు మీడియమే. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. ఇంగ్లీష్‌లో మంచి మార్కులే వచ్చాయి, కానీ అవి ఎలా వచ్చాయో నాకు తెలుసు. గైడ్‌లో ఉన్న జవాబులు కంఠతా పట్టి రాశాను.

కిందటి సంవత్సరం మా మేడం ఆర్.కె.నారాయణ్ కథల పుస్తకం ఇచ్చారు. చదవడానికి రెండు నెలలు పట్టింది. ఒక్కో పేజీలో ఇరవై ముప్పై మాటలు తెలియవు. అయినా వదల్లేకపోయాను. ఆయన కథల కోసం కల్పించిన ఊరు మాల్గుడి ఎక్కడో లేదు, మా ఊరి రేవు దాటితే వచ్చేస్తుంది అనిపించింది. అప్పటి నుంచి డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచరే చదవాలని ఉంది.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మా బాబాయి బి.కామ్ కంప్యూటర్స్ అంటున్నారు. నాన్నకి రెండెకరాల కొబ్బరి తోట. ఆయన ఏమీ అనరు గానీ "చదివాక ఏం చేస్తావమ్మా" అని ఒక్కసారి అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అదే నాకు టెన్షన్.

తెలుగు మీడియం నుంచి వెళ్ళి నెగ్గుకొచ్చినవాళ్ళు ఉన్నారా? క్లాసులో ఏం చెప్తారు? తర్వాత దారి ఏమిటి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

---

కోరింగ గాలి · మే 28, రాత్రి 10:25

చెల్లీ, నాదీ తెలుగు మీడియమే, తాళ్ళరేవు వైపు. ఇప్పుడు ఇంగ్లీష్ మేజర్, ఐదో సెమిస్టర్‌లోకి వచ్చాను. 2023లో సింగిల్ మేజర్ పద్ధతి మొదలైనప్పుడు చేరిన బ్యాచ్ మాది. అంతకుముందు చరిత్ర, రాజనీతితో పాటు మూడింటిలో ఒకటిగా స్పెషల్ ఇంగ్లీష్ ఉండేది. మా బ్యాచ్ నుంచి అదే ప్రధాన సబ్జెక్టు. నిబంధనలు ఏటా కాస్త మారుతున్నాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ నువ్వే చదువుకో, ఎవరి మాటా నమ్మకు, నా మాట కూడా.

మొదటి సెమిస్టర్‌లో నేను ఏడ్చాను. దాచుకోవాల్సిన పని లేదు. పద్నాలుగు పాదాల సానెట్ ఒకటి ఇచ్చారు, మూడు రోజులు పట్టింది. ప్రతి మాటకీ డిక్షనరీ తీసేదాన్ని. చివరికి మాటలన్నీ తెలిశాయి, పద్యం తెలియలేదు. అప్పుడు మా సీనియర్ అక్క ఒక పద్ధతి చెప్పింది, ఇప్పటికీ అదే చేస్తున్నాను. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా పైకి చదవాలి, గొంతు విప్పి. రెండోసారి అడ్డం పడిన మాటల కింద గీత పెట్టాలి. మూడోసారి మాత్రమే అర్థాలు చూడాలి, అదీ గీత పెట్టినవాటిలో సగానికే. మిగతా సగం పక్క మాటల వల్ల తెలిసిపోతాయి. నోట్‌బుక్‌లో మాట ఒక్కటే రాసుకోకూడదు, అది వచ్చిన వాక్యం మొత్తం రాసుకోవాలి.

సిలబస్ అంటే భయపడకు. సాహిత్య చరిత్ర, పద్యం, నాటకం, నవల, భారతీయులు ఇంగ్లీష్‌లో రాసిన సాహిత్యం, ఫొనెటిక్స్ (ఉచ్చారణ శాస్త్రం), విమర్శ. పేర్లు మారినా అటూ ఇటూగా ఇవే ఉంటాయి. వీటిలో సాహిత్య చరిత్ర ఒక్కటే కంఠస్థం లాగా కనిపిస్తుంది, మిగతావన్నీ చదివితేనే వస్తాయి.

పుస్తకాలు కొనడానికి డబ్బులు లేవని ఆగకు. కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. లిబ్రివాక్స్‌లో వాటినే మనుషులు పైకి చదివి పెట్టారు, నేను పల్లెవెలుగు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. గంట ప్రయాణంలో డికెన్స్ రెండు అధ్యాయాలు అవుతాయి. రాజమండ్రి వచ్చే వీలుంటే గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళు, ఊరికే ఆ బీరువాల మధ్య నిలబడినా బావుంటుంది.

---

మట్టల పందిరి · మే 28, రాత్రి 10:41

బి.కామ్ చేయండి. అందులోనూ ఇంగ్లీష్ సబ్జెక్టు ఉంటుంది కదా, భాష ఎలాగూ వస్తుంది.

---

కోరింగ గాలి · మే 28, రాత్రి 10:58

అది జనరల్ ఇంగ్లీష్ అండి, ఏ డిగ్రీలో చేరినా ఉంటుంది. కమ్యూనికేషన్, గ్రామర్, నాలుగు పాఠాలు. ఈ అమ్మాయి అడుగుతున్నది సాహిత్యం గురించి. ఈత నేర్చుకోవడం వేరు, గోదావరి గురించి తెలుసుకోవడం వేరు. ఒకటి ఉంటే రెండోది దానంతటదే రాదు.

---

చెరువు గట్టు · మే 29, ఉదయం 6:15

అందరూ బావుంటుందనే చెప్తారు కాబట్టి నా అనుభవం కూడా రాస్తాను. 2011లో స్పెషల్ ఇంగ్లీష్‌తో బి.ఏ. పూర్తి చేశాను. ఏ కాలేజీ అన్నది అనవసరం. డిపార్ట్‌మెంట్‌లో ఒకే లెక్చరర్, ఆయన మీదే అన్ని పేపర్లూ. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు, నోట్స్ డిక్టేట్ చేసేవారు. మేము రాసుకునేవాళ్ళం, అదే పరీక్షలో దింపేవాళ్ళం. మూడేళ్ళలో నేను ఒక్క నాటకం కూడా మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. 68 శాతం వచ్చింది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన నెలలోనే ఇంగ్లీష్‌లో సెలవు చీటీ రాయడానికి చేతులు వణికాయి.

ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే చోట డాక్యుమెంట్లు చూస్తాను. రోజంతా ఇంగ్లీష్ మెయిళ్ళే. ఒక ఒప్పందంలో "షల్" (చేసి తీరాలి) అని ఉందా "మే" (చేయవచ్చు) అని ఉందా అన్నదాని మీద కంటైనర్ కదలడం ఆధారపడి ఉంటుంది. మాటని అంత దగ్గరగా చూడడం నాకు కాలేజీలో రావాల్సింది, రాలేదు. ఇరవై ఏడేళ్ళు వచ్చాక, రాత్రి డ్యూటీల్లో నా అంతట నేను నవలలు చదువుకుంటే వచ్చింది. అప్పుడు తెలిసింది ఏం పోగొట్టుకున్నానో.

అందుకని అమ్మా, సబ్జెక్టు తప్పు అనను. కానీ కళ్ళు మూసుకుని చేరకు. ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి స్వయంగా వెళ్ళు. ఇంగ్లీష్ మేజర్‌లో కిందటేడు ఎంతమంది చేరారో అడుగు. మరీ తక్కువమంది ఉంటే ఆ కోర్సు నడపకుండా వేరేదానికి మారమంటారు, మా చుట్టాల అబ్బాయికి అలాగే జరిగింది. పాఠం చెప్పేవాళ్ళు ఎందరో అడుగు. లైబ్రరీలో ఇంగ్లీష్ పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉందా, తీసి ఉందా చూడు. రెండో సంవత్సరం పిల్లల్ని పట్టుకుని "ఈ నెలలో ఏం చదివారు" అని అడుగు. వాళ్ళు పుస్తకం పేరు చెప్తే చేరు. యూనిట్ నంబరు చెప్తే ఆలోచించు.

---

వైనతేయ · మే 29, మధ్యాహ్నం 1:10

అన్నయ్యా, ఇది ఎవరూ చెప్పలేదు. తప్పకుండా వెళ్ళి అడుగుతాను. అక్కా, మీ మూడుసార్ల పద్ధతి ఇవాళే మొదలుపెడతాను. ఏ పద్యంతో మొదలుపెట్టమంటారు?

---

ధవళేశ్వరం మాస్టారు · మే 29, సాయంత్రం 5:30

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైర్ అయ్యాను. ఏ పద్యం అన్న ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు తెలుగు మీడియం సంగతి. అది నీ లోటు అని నీకు ఎవరు చెప్పారో గానీ, సాహిత్యం విషయంలో అది నీ పెట్టుబడి. ఇంగ్లీష్ సాహిత్యం మన డెల్టాకి కొత్త చుట్టం కాదు. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఇంగ్లీష్ నవల, ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్, చదివి ఆ స్ఫూర్తితో కందుకూరి వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రము రాశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. ఆ కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? మా ధవళేశ్వరంలో. ఇంగ్లాండ్ పల్లెలో ఉన్న పురోహితుడి కుటుంబ కష్టాలను ఆయన గోదావరి ఒడ్డుకు తెచ్చి, మన చుట్టాలూ, మన జ్యోతిష్కులూ, మన బంగారం పిచ్చీ అందులో పెట్టారు. స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల దారిలో సత్యరాజా పూర్వదేశ యాత్రలు రాశారు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో చదువుకున్న కృష్ణశాస్త్రి గారు షెల్లీ, కీట్సుల్ని తన తెలుగులో కలుపుకున్నారు. వీళ్ళెవరూ తెలుగు వదిలి ఇంగ్లీష్ చదవలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. నువ్వూ అలాగే చదువు.

సాహిత్య చరిత్ర పేపర్ గురించి పై అమ్మాయి కంఠస్థం అంది. దానికి నేను పిల్లలతో ఒక పని చేయించేవాణ్ణి. గోడ మీద ఒక పొడుగాటి కాగితం అంటించి మధ్యలో గీత గీయమనేవాణ్ణి. పైన ఇంగ్లీష్ వాళ్ళు, కింద మనవాళ్ళు. చాసర్ 1400లో చనిపోయాడు అని పైన రాస్తే, కింద శ్రీనాథుడు వస్తాడు. చాసర్ ముసలితనంలో ఉన్నప్పుడు మన శ్రీనాథుడు యువకుడు. చాసర్ యాత్రికుల్ని కాంటర్‌బరీ దారి పట్టిస్తే, శ్రీనాథుడు దాక్షారామం మహిమని భీమఖండంలో చెప్పాడు. షేక్‌స్పియర్ 1564లో పుట్టేసరికి మనకు కృష్ణదేవరాయల కాలం అయిపోయింది. ఇలా పెట్టుకుంటే తేదీలు కంఠతా పట్టక్కర్లేదు, ఇరుగుపొరుగు లాగా గుర్తుంటాయి.

ఇక పద్యం. థామస్ గ్రే 1751లో ప్రచురించిన ఎలిజీ, అంటే శోకగీతం, తీసుకో. పల్లెటూరి శ్మశానంలో నిలబడి రాసిన పద్యం, 128 పాదాలు. భయపడకు, మొదటి నాలుగు పాదాలే చదువు. మొదటి పాదాన్ని మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది.

ద కర్ | ఫ్యూ టోల్స్ | ద నెల్ | ఆఫ్ పార్ | టింగ్ డే

నీకు ఛందస్సు వచ్చు కదా. లఘువు, గురువు కలిస్తే వగణం. ఈ పాదంలో ఐదు వగణాలు ఉన్నాయి. ఇంగ్లీష్ వాళ్ళు దీన్నే అయాంబిక్ పెంటామీటర్ అంటారు. పేరు చూసి హడలిపోతారు గానీ ఉన్నది ఇంతే. ఒక్క తేడా ఉంది, అది జాగ్రత్తగా పట్టుకోవాలి. మనం అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని లెక్కిస్తాం. వాళ్ళు ఊనికను, అంటే నొక్కి పలకడాన్ని, లెక్కిస్తారు. మన లెక్కలో "ఫ్యూ" దీర్ఘం కాబట్టి గురువే. వాళ్ళ లెక్కలో దాని మీద ఊనిక లేదు కాబట్టి అది లఘువు స్థానంలో కూర్చుంది. ఈ తేడా చెవికి పట్టిందంటే నీకు సగం ప్రోసడీ, అంటే వాళ్ళ ఛందస్సు, వచ్చేసినట్టే. ప్రాస కూడా చూడు. మనకు పాదంలో రెండో అక్షరం, వాళ్ళకు పాదం చివర. గ్రే పద్యంలో ఒకటో పాదం మూడోదానితో, రెండో పాదం నాలుగోదానితో ప్రాస కలుపుతాయి.

ఇంకో మాట. ఆ "కర్ఫ్యూ" పోలీసులు పెట్టేది కాదు. పొద్దుపోయాక పొయ్యిలు ఆర్పుకోమని వాయించే గంట.

---

పంటు దాటి · మే 29, రాత్రి 8:50

మాస్టారూ, నమస్కారం. మీ పోస్టు రెండుసార్లు చదివాను. కానీ ఒక విషయంలో నా అనుమానం చెప్పాలి.

నేను రోజూ పంటు (రేవు దాటించే పడవ) దాటి కాలేజీకి వెళ్ళి చదువుకున్నదాన్ని. మా లెక్చరర్ షేక్‌స్పియర్ నాటకం మాక్బెత్ మొత్తం తెలుగులో చెప్పారు. హరికథలా చెప్పారు. మంత్రగత్తెలు వచ్చినప్పుడు క్లాసు నిశ్శబ్దం అయిపోయేది. పక్క క్లాసు బి.ఎస్సీ. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి వినేవాళ్ళు. ఆయన మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. కానీ ఆ కథ అంత బాగా తెలిసిపోవడం వల్ల మాలో ఒక్కరూ పుస్తకం తెరవలేదు. ఎం.ఏ. ఎంట్రన్స్‌లో ఆ నాటకంలోని ఐదు పాదాలిచ్చి ఎవరు ఎవరితో అన్నారని అడిగారు. మాక్బెత్ కథ మొత్తం తెలిసిన నాకు ఆ ఐదు పాదాలు ఎప్పుడూ చూడనివిలా కనిపించాయి. తెలుగు పెట్టుబడే, కాదనను. కానీ తెలుగులో విని సరిపెట్టుకునే అలవాటు కూడా మనకే ఎక్కువ. ఈ అమ్మాయికి ఆ ప్రమాదం కూడా చెప్పాలి కదా.

---

ధవళేశ్వరం మాస్టారు · మే 30, ఉదయం 7:05

నువ్వు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. నేను కూడా కొత్తలో అలాగే చెప్పాను. పిల్లలు ఆనందంగా వింటుంటే మనకు బాగా చెప్తున్నాం అనిపిస్తుంది. మాక్బెత్ కథ అరగంటలో చెప్పేయవచ్చు. కానీ ఆ నాటకం కథలో లేదు, మాటల్లో ఉంది. తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. తెలుగులో చెప్పింది పావుగంటే, ఆ వెంటనే అదే సన్నివేశం పిల్లలే లేచి పాత్రలు పంచుకుని ఇంగ్లీష్‌లో చదవాలి.

కానీ తెలుగు ఎక్కడ పనికొస్తుందో ఒక ఉదాహరణ ఇస్తాను. షేక్‌స్పియర్‌లో "దౌ" అనీ "యూ" అనీ రెండూ వస్తాయి. ఇప్పటి ఇంగ్లీష్ మాత్రమే తెలిసినవాళ్ళకి "దౌ" అంటే పాత మాట, అంతే. మనకు అలా కాదు. అవి "నువ్వు", "మీరు" అని చెప్పగానే మన పిల్లలకి ఒళ్ళు ఝల్లుమంటుంది. హామ్లెట్ నాటకం మూడో అంకం నాలుగో రంగంలో తల్లి కొడుకుని "దౌ" అని పిలిచి, నీ తండ్రిని చాలా నొప్పించావు అంటుంది. తండ్రి అంటే ఆమె ఉద్దేశం ఇప్పటి భర్త. కొడుకు అదే వాక్యాన్ని తిప్పి, "యూ" అని, నా తండ్రిని మీరు చాలా నొప్పించారు అంటాడు. అతని ఉద్దేశం చనిపోయిన తండ్రి. తల్లి చనువుగా నువ్వు అంటే కొడుకు మీరు అన్నాడు. మన ఇళ్ళలో అమ్మ మీద కోపమొచ్చిన కొడుకు ఉన్నట్టుండి "మీరు" అనడం మొదలుపెడితే ఆ ఇంట్లో ఏం జరిగినట్టో మనకు వివరించాలా? ఒక్క సర్వనామంతో తలుపు మూసేశాడు. ఇది గైడ్‌లో దొరకదు. కథ వింటే దొరకదు. పాదాలు చూడాలి, చూసే కంటికి తెలుగు ఉండాలి.

---

పంటు దాటి · మే 30, ఉదయం 7:40

ఇది నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. హామ్లెట్ మళ్ళీ తీస్తున్నాను.

---

నల్లబల్ల · మే 30, సాయంత్రం 6:20

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్. "చదివాక ఏం చేస్తావు" అన్న వైనతేయ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇస్తాను, ఎందుకంటే అది తప్పు ప్రశ్న కాదు.

డిగ్రీలో ఇంగ్లీష్ సాహిత్యం ఉంటే ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి బి.ఎడ్.లో ఇంగ్లీష్ మెథడాలజీ తీసుకోవచ్చు, రెండేళ్ళు. ఆ తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్, ఉద్యోగాల భర్తీ పరీక్ష డీఎస్సీ. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి టెట్‌ని పాసైతే చాలని వదిలేయకూడదు. 2025 మెగా డీఎస్సీలో అన్ని రకాలూ కలిపి 16,347 పోస్టులు ఇచ్చారు. కానీ డీఎస్సీ ఏటా రాదు, అంతకుముందు ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళని నేను చూశాను. ఆ మధ్య కాలంలో ఏం చేస్తావో కూడా ఇప్పుడే అనుకోవాలి.

రెండో దారి ఎం.ఏ. రాష్ట్రంలోని యూనివర్సిటీలకు ప్రవేశ పరీక్ష పీజీసెట్. మనకు దగ్గరలో రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. హైదరాబాద్ వెళ్ళగలిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ). ఆ తర్వాత జాతీయ అర్హత పరీక్ష నెట్ పాసైతే కాలేజీ లెక్చరర్ అర్హత. నెట్ ఏడాదికి రెండుసార్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. ఇది చాలా దూరం, చాలా ఓపిక కావాలి. ఇవి కాక ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్ పరీక్షలు ఏ డిగ్రీ ఉన్నా రాయవచ్చు. అనువాదం, ఎడిటింగ్, కంటెంట్ పనులు ఉన్నాయి. వాటికి పట్టా కన్నా నువ్వు రాసిన నాలుగు పేజీలు ముఖ్యం.

డిగ్రీలో ఫొనెటిక్స్ పేపర్ వస్తుంది, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకు టీచర్‌గా రోజూ పనికొచ్చేది అదే. తెలుగు అజంత భాష, మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే బుక్ మన నోట బుక్కు అవుతుంది, బస్ బస్సు అవుతుంది. మా పిల్లలు అలా పలికితే నేను తిట్టను. మన భాష ఎలా పనిచేస్తుందో చెప్పి, ఇంగ్లీష్ ఎక్కడ ఆగుతుందో చూపిస్తాను. పది నిమిషాల్లో పట్టుకుంటారు. వాళ్ళు తప్పు చేయలేదనీ, ఇంకో నియమం పాటించారనీ తెలియగానే వాళ్ళ ముఖాలు మారిపోతాయి. ఆ ఒక్క క్షణం కోసం నేను ఈ ఉద్యోగం ఎంతకాలమైనా చేస్తాను.

---

రాజోలు నాన్న · మే 30, రాత్రి 9:15

మా అమ్మాయి కూడా ఇదే అడుగుతోంది, అందుకని చదువుతున్నాను. ఖర్చు ఎంతవుతుందండి? బయట ఊళ్ళో ఉంచితే హాస్టల్ భరించలేం.

---

కోరింగ గాలి · మే 30, రాత్రి 9:50

బాబాయి గారూ, ప్రభుత్వ కాలేజీలో అయితే ఫీజు తక్కువే. మాకు ఖర్చు అంటే బస్ పాసూ, జిరాక్సులే. ముందు దగ్గరలో ఉన్నవి కనుక్కోండి. అమలాపురం ఎస్.కె.బి.ఆర్., నర్సాపురం వై.ఎన్., భీమవరం డి.ఎన్.ఆర్., కాకినాడ పి.ఆర్., రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, ఇవన్నీ పాతకాలం నుంచి ఉన్న కాలేజీలు. ఈ ఏడాది ఎక్కడ ఇంగ్లీష్ మేజర్ నడుస్తోందో ఫోన్ చేసి అడగండి, ప్రభుత్వ కాలేజీయా, ఎయిడెడా, ప్రైవేటా అన్నది కూడా అడగండి, ఫీజు దాన్ని బట్టే ఉంటుంది. ఇంటి నుంచి వెళ్ళి వచ్చేది చూసుకుంటే హాస్టల్ అవసరం రాదు.

---

చెరువు గట్టు · మే 31, ఉదయం 6:30

రాజోలు వారికి ఒక మాట. అమ్మాయితో పాటు మీరు కూడా కాలేజీకి వెళ్ళండి. మా నాన్న రాలేదు, నేను అడగలేదు.

---

వైనతేయ · జూన్ 12, రాత్రి 8:05

నాన్నతో కలిసి రెండు కాలేజీలకి వెళ్ళాం. ఒక చోట బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. రెండో చోట ఒక మేడం మమ్మల్ని కూర్చోబెట్టి, షెల్ఫ్‌లోంచి ఒక పుస్తకం తీసి నాన్న చేతికి ఇచ్చారు. నాన్నకి ఇంగ్లీష్ చదవడం రాదు. అయినా పేజీలు తిప్పి చూశారు. అందులో చేతిరాతతో పెన్సిల్ నోట్స్ ఉన్నాయి, ఎవరో విద్యార్థి రాసినవి. బయటికి వచ్చాక నాన్న "పుస్తకాలు వాడుతున్నారమ్మా" అన్నారు. ఆ కాలేజీకే మొదటి ఆప్షన్ పెట్టాను. బాబాయికి నల్లబల్ల మేడం రాసింది చదివి వినిపించాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, కానీ వద్దనడం మానేశారు.

---

వైనతేయ · ఆగస్టు 21, రాత్రి 9:30

అదే కాలేజీలో సీటు వచ్చింది. క్లాసులు మొదలయ్యాయి. మేం పదకొండు మందిమి.

మాస్టారూ, గ్రే పద్యం చదువుతున్నాను. మూడో పాదానికి గణ విభజన నేనే చేశాను, తప్పయితే చెప్పండి.

ద ప్లౌ | మన్ హోమ్ | వర్డ్ ప్లాడ్స్ | హిజ్ వియ | రీ వే

నాలుగో గణంలో "వియ" దగ్గర ఆగిపోయాను. రెండక్షరాలుగా రాసినా వాళ్ళు ఒక్క ఊనికతోనే పలుకుతారని మా మేడం చెప్పారు.

రెండో పాదంలో పశువులు అరుస్తూ మెల్లగా ఇంటికి వస్తాయి. అది చదివి మా తాతయ్యకి తెలుగులో చెప్పాను. ఆయన వెంటనే "గోధూళి వేళ" అన్నారు. తాతయ్యకి ఇంగ్లీష్ రాదు. కానీ నేను చెప్పకుండానే తర్వాతి పాదం ఆయనే చెప్పారు, "పశువుల వెనకాల దున్నేవాడు కాళ్ళీడ్చుకుంటూ వస్తాడు" అని. ఇప్పుడు మా పొలాల్లో ట్రాక్టర్లే. ఆ నడక చూసినవాడు మా ఇంట్లో తాతయ్య ఒక్కడే. "లీ" అనే మాటకి పచ్చిక బయలు అని డిక్షనరీలో ఉంది. అలాంటిది మా వైపు లేదు, కాలవ గట్టు మీద గడ్డే. నేను గట్టు అనే అనుకుని చదువుతున్నాను.

నాలుగో పాదంలో ఆ దున్నేవాడు వెళ్ళిపోతూ లోకాన్ని చీకటికీ, నాకూ వదిలేశాడు అంటాడు కవి. చీకటితో పాటు తనని ఎందుకు కలుపుకున్నాడో తెలియలేదు. ఆ "నేను" ఎవరు మాస్టారూ? గ్రే నేనా?

---

ధవళేశ్వరం మాస్టారు · ఆగస్టు 22, ఉదయం 6:50

గణ విభజన సరిగ్గా చేశావు తల్లీ. "వియ" గురించి మీ మేడం చెప్పిందే నిజం. గట్టు అనే చదువుకో, పరీక్షలో మాత్రం పచ్చిక బయలు అని రాయి. తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆ "నేను" ఎవరో ఇప్పుడే చెప్పను. 93వ పాదం దాకా వెళ్ళు. అక్కడ గ్రే ఎవరినో "దీ" అని పిలుస్తాడు, అంటే "నీకు", "నీ కోసం". హామ్లెట్ గురించి రాసింది గుర్తుంది కదా, అది చనువు మాట. నాలుగో పాదంలో "నేను" అన్నవాడు అక్కడ "నువ్వు" అంటున్నది ఎవరిని? దీని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాళ్ళేమన్నారో తర్వాత చూద్దాం. ముందు నువ్వు ఏమనుకుంటున్నావో రాయి.

---

వైనతేయ · ఆగస్టు 22, ఉదయం 7:20

64 దాకా వచ్చాను మాస్టారూ. మిగతాది ఇవాళ బస్సులో చదువుతాను.